ఏండ్లూ పూండ్లూ

ఏండ్లూ పూండ్లూ అనే జంటమాటలో మొదటి సగం అందరికీ తెలిసిందే. రెండో సగం విడిగా ఎక్కడా వినిపించదు. పూండ్లు ఎన్ని అని ఎవరూ అడగరు, ఒక పూడు గడిచిందని ఎవరూ చెప్పరు. అయినా నల్లగొండ, మహబూబ్‌నగర్ పల్లెల్లో ఈ రెండో సగం లేకపోతే మొదటి సగానికి బలం రాదు. "కాయిదం కోసం ఏండ్లు తిరిగిన" అంటే ఎదుటివాడు ఎన్నేండ్లని అడుగుతాడు. "ఏండ్లూ పూండ్లూ తిరిగిన" అంటే ఆ ప్రశ్న పుట్టదు. లెక్కపెట్టే ఓపిక కూడా అయిపోయిందని చెప్పడమే ఆ మాట పని. కోస్తా వైపు ఇది ఏళ్లూ పూళ్లూ అవుతుంది. తెలంగాణలో సున్నా నిలిచి, పలుకు మరికాస్త బరువుగా సాగుతుంది.

ఈ జంటమాట ఒంటరిగా నిలబడదు. దాని పక్కన చేరే క్రియలు కొన్నే: గడవడం, పట్టడం, నడవడం, తిరగడం, చూడడం. ఆ వెనకే ఒక ‘రాలేదు’ గానీ ఒక ‘కాలేదు’ గానీ వస్తుంది. "ఏండ్లూ పూండ్లూ గడిసె, కాల్వల నీళ్లు రాకపాయె." "ఇల్లు మొదలువెట్టి ఏండ్లూ పూండ్లాయె, ఇంక స్లాబు పడలే." "గీ కేసు ఏండ్లూ పూండ్లూ నడుస్తది, మనతోని ఒడువది." ప్రతి వాక్యంలోనూ ఒక పని తీరకుండా ఉంది. తీరని పని లేని చోట ఈ మాట పొసగదు. "పెండ్లి చేసుకొని ఏండ్లూ పూండ్లూ సంతోషంగ బతికిన్రు" అన్న వాక్యంలో వ్యాకరణదోషం వెతికినా దొరకదు. ఆ నేల మీద పెరిగిన చెవి మాత్రం దాన్ని ఒప్పుకోదు. సంతోషంగా గడిచిన కాలానికి తెలుగులో వేరే మాటలున్నాయి.

తెలుగు వాచకాల్లో ప్రతి పాఠం చివరా సొంతవాక్యాల అభ్యాసం ఉంటుంది. ఒక పదమో జాతీయమో ఇచ్చి, దాన్ని ఉపయోగించి వాక్యం రాయమంటారు. పిల్లలు ఎక్కువగా రాసేది ఇలా ఉంటుంది: "మా ఊరిలో ఏండ్లూ పూండ్లుగా గుడి ఉంది." తప్పు లేదని మార్కు వేయవచ్చు. కానీ అదే పిల్లవాడు ఇంటికి వెళ్లాక వాళ్ల నాయనమ్మ "ఈ బోరు ఎండిపోయి ఏండ్లూ పూండ్లాయె, పైపులు గుంజి అమ్ముకుంటెనన్న పైసలు వస్తుండె" అంటుంది. పోల్చి చూస్తే తేడా తెలిసిపోతుంది. రెండో వాక్యంలో ఎదురుచూసిన మనిషి ఉంది, చేయవలసినవాడు ఉన్నాడు, చేయకుండా జారిపోయిన అవకాశం ఉంది. జాతీయాన్ని వాక్యంలో పెట్టడమంటే అర్థం సరిపోవడం ఒక్కటే కాదు, దానికి అలవాటైన పరిస్థితిని కూడా దానితో తేవాలి. వాచకాలు ఈ రెండో సంగతి దాదాపుగా చెప్పవు. ఇది పూడ్చవలసిన లోటు.

దీర్ఘకాలాన్ని చెప్పే తెలుగు మాటలు మొదటే రెండు పక్షాలుగా చీలి ఉంటాయి. ఒకటి వేచి ఉన్న కాలం, రెండోది కోరుకునే కాలం. ఏండ్లూ పూండ్లూ, గంటల తరబడి, నెలలకు నెలలు మొదటి పక్షానివి. కలకాలం, పది కాలాలు, నిండు నూరేండ్లు రెండో పక్షానివి. "పది కాలాలు సల్లగుండు బిడ్డా" అని దీవిస్తారు. "కలకాలం కల్సుండున్రి" అని కొత్త జంట తల మీద అక్షింతలు వేస్తారు. ఒకరి గురించి మాట్లాడుతుండగానే ఆ మనిషి గుమ్మంలో కనబడితే "నీకు నూరేండ్లు, ఇప్పుడే అనుకుంటున్నం" అంటారు. ఈ మాటలు ముందుకు చూస్తాయి, వేచి ఉన్న కాలపు మాటలు వెనక్కి చూస్తాయి. పదాన్ని ఒక పక్షం నుంచి మరో పక్షానికి మారిస్తే దీవెన తిట్టవుతుంది. "ఏండ్లూ పూండ్లూ బతుకు" అని దీవించిన మనిషిని పెండ్లివారు వింతగా చూస్తారు.

నాగర్‌కర్నూలు ప్రాంతపు పండితుడు కపిలవాయి లింగమూర్తి పామరుల నోట సంస్కృతం ఎలా బతుకుతుందో చూపడానికి ‘పామర సంస్కృతం’ అనే పుస్తకమే రాశారు. కాలం అన్న మాటను ఈ జిల్లాల రైతు వాడే తీరు అందుకు మంచి ఉదాహరణ. సంస్కృతంలో కాలమంటే సమయం. పాలమూరు (మహబూబ్‌నగర్) చెలకలో కాలమంటే వాన. "ఈ యేడు కాలం కాలే" అంటే వర్షం పడలేదని. "కాలమైతె పెండ్లి చేస్తం" అంటే వానలు పడి పంట చేతికొస్తే చేస్తామని. కృష్ణ పక్క నుంచే పారుతున్నా ఎత్తు నేల కావడంతో చాలా ఊళ్లకు ఆ నీరు అందలేదు. ఎర్ర చెలకల్లో ఆముదం, జొన్న, కంది, వేరుశనగ వంటివి వేసి మబ్బువైపు చూడడం తప్ప వేరే దారి లేకపోయింది. అలాంటి చోట వాన పడని నెలలు రైతు లెక్కలో గడిచిన కాలం కాదు, రాని కాలం. "ఎట్లనో కాలం ఎల్లదీస్తున్నం" అనే మాట ఇక్కడ ఊరికే పలకరింపు కాదు. ఎల్లదీయడమంటే ఈడ్చుకుంటూ ఒడ్డు దాటించడం. ఒక చివరి వాడుక కూడా ఉంది: "పెద్దాయన కాలం చేసిండు." కాలం కావడం పంట, కాలం చేయడం మరణం, కాలం ఎల్లదీయడం ఆ రెంటి నడుమ బతుకు. ఒకే నామవాచకం మూడు క్రియలతో ఇంత దూరం తిరిగి వచ్చే భాషలో, దీర్ఘకాలపు మాటలన్నిటికీ నీటి తడి అంటుకోవడంలో ఆశ్చర్యం లేదు.

నీటి కోసం చూసిన చూపుల్లోనే ఏండ్లూ పూండ్లూ అనే మాట ఎక్కువగా అరిగింది. 1955 డిసెంబర్ 10న నెహ్రూ నాగార్జునసాగర్‌కు శంకుస్థాపన చేశారు. 1967 ఆగస్టులో ఇందిరాగాంధీ కాలువలకు నీళ్లు వదిలారు. మిర్యాలగూడ, హుజూర్‌నగర్ వైపు ఎడమ కాలువ కింద వరి పండింది. అదే పాత నల్లగొండ జిల్లాలో ఎత్తున ఉన్న దేవరకొండ, మునుగోడు ప్రాంతాలకు ఆ కాలువ అందలేదు. డ్యాము కట్టడానికి తట్ట మోసిన కుటుంబాల్లో కొన్నింటికి సొంతూళ్లో తాగునీరు కూడా సరిగా ఉండేది కాదు, బోరులో వచ్చినా అది ఫ్లోరైడు నీరే. శ్రీశైలం జలాశయం నుంచి నల్లగొండ మెట్టకు నీరు తేవడానికి దాదాపు 44 కిలోమీటర్ల సొరంగం తలపెట్టారు. 2000ల నడుమ మొదలైన ఆ తవ్వకం పూర్తికాకుండానే, 2025 ఫిబ్రవరి 22న దోమలపెంట వైపు లోపల పైకప్పు కూలి ఎనిమిది మంది చిక్కుకుపోయారు. రైతుకు ఏండ్లూ పూండ్లుగా ఉన్న ఎదురుచూపు ఆ రోజు నుంచి ఆ ఎనిమిది కుటుంబాలకు గంటల తరబడి, రోజుల తరబడి ఎదురుచూపు అయింది. తరబడి అన్న ప్రత్యయం గంటకూ ఏడాదికీ ఒకేలా అతుకుతుంది. భరించేవారికి ఆ గంట ఎంత పొడుగో అది చెబుతుంది. పాలమూరు–రంగారెడ్డి ఎత్తిపోతలకు 2015 జూన్ 11న కరివెనలో శంకుస్థాపన జరిగింది, 2023 సెప్టెంబర్ 16న నార్లాపూర్‌లో మొదటి పంపు తిరిగింది. పంపు తిరగడానికీ పొలం తడవడానికీ మధ్య ఉన్న కాలాన్ని రైతులు ఇంకా పాత మాటతోనే చెప్పుకుంటున్నారు.

ముంపు ఊళ్లది ఇంకో వాక్యం. శ్రీశైలం జలాశయం కోసం 1981లో కర్నూలు, మహబూబ్‌నగర్ జిల్లాల ఊళ్లు ఖాళీ చేయించారు. నీటిపాలయ్యే గుళ్లను కొన్నింటిని రాయిరాయిగా విప్పి మెరక మీద తిరిగి కట్టారు. సోమశిల, జటప్రోలు గుళ్లు అలా మారినవే. మనుషుల బతుకును అలా విప్పి కట్టడం సాధ్యం కాలేదు. నిర్వాసిత కుటుంబాలకు ఉద్యోగాలిస్తామని 1986లో జీవో 98 వచ్చింది. "జీవో వచ్చినప్పుడు పోరగాడు అరుగు మీద పాకుతుండె, ఇప్పుడు వానికి గడ్డం నెరిసె" అనే తీరులో ఆ ఊళ్లలో మాట వినబడుతుంది. ఇందులో ఏండ్ల మాటే లేదు, సంఖ్యా లేదు. ఒక శరీరం మారిన తీరుతోనే కాలం మొత్తం చెప్పేశారు. దీర్ఘకాలాన్ని చెప్పే అన్ని పద్ధతుల్లోకీ ఇది పదునైనది. దీనికి జాతీయం కూడా అక్కరలేదు.

శరీరంతో కాలాన్ని చెప్పే జాతీయాలు వేరుగా ఉన్నాయి. ఎదురుచూసి కండ్లు కాయలు కాస్తాయి. ఆఫీసుల చుట్టూ తిరిగి చెప్పులరుగుతాయి. పనిలో తల పండుతుంది. వీటిలో ఒక్కొక్కటి ఒక్కొక్క మనిషిది. చెప్పులరగడం మగవారి వాక్యంలో ఎక్కువ, మండలాఫీసుకూ బ్యాంకుకూ తిరిగేది వాళ్లే కాబట్టి. కండ్లు కాయలు కాయడం ఇంటి దగ్గర ఉండిపోయినవారిది. పాలమూరు లేబరు అన్న పేరు దేశమంతా తెలుసు. డ్యాములు, కాలువలు, రోడ్లు, బొంబాయి భవనాలు, ఎక్కడ మట్టి పని ఉంటే అక్కడికి ఈ జిల్లా మనుషులు పోయారు. ఊళ్లో మిగిలేది ముసలివాళ్లూ పిల్లలూ. దసరాకో పీర్ల పండుగకో బొంబాయి బస్సు దిగుతారని చూస్తారు. "పీర్ల పండుగకొస్తనన్నడు, రాలే. దసరా కూడ పాయె. కండ్లు కాయలు కాసె నాయినా" అని ముసలి తల్లి అంటే, అందులో రెండు పండుగలు ఉన్నాయి కాబట్టి ఆ కాయలు కాసినంత కాలం ఎంతో వినేవారికి తెలిసిపోతుంది. పండుగ పేరు లేకుండా అదే జాతీయం వాడితే సగం అర్థమే మిగులుతుంది.

మనుషుల మధ్య దూరం ఎంతైనా మాట ఒక్కటే అని కాదు. దగ్గరితనం పెరిగినకొద్దీ కొద్దికాలమే ఎక్కువ కాలం అవుతుంది. రెండు నెలల తర్వాత అక్క ఇంటికి వచ్చిన చెల్లెలి కూతురితో అక్క ఇలా మొదలుపెడుతుంది: "ఎన్నొద్దులకొస్తివి బిడ్డా! ఇన్నొద్దులకు మా ఇల్లు యాదికొచ్చిందా?" పిల్ల చెప్పులు విడుస్తూ, "పనులు ఒడుస్తలెవ్వు పెద్దమ్మా" అంటుంది. "మీ అమ్మ గూడ గట్లనే అంటది ఎప్పటి సందో." అంతే, మూడు మాటల్లో నిష్ఠూరం అయిపోతుంది, చెంబుతో నీళ్లు వస్తాయి. ఇక్కడ ఎన్నొద్దులు అంటే పొద్దులు, అంటే రోజులు. రెండు నెలలను రోజుల్లో చెప్పడంలో ప్రేమ ఉంది, ఒక్కొక్క పొద్దూ లెక్కలోకి వచ్చిందని. అదే మాట అప్పు తీర్చనివాడితో అంటే ప్రేమ కాస్తా వసూలవుతుంది. అరుదుగా జరిగేదాన్ని చెప్పే మాటల్లోనూ ఇదే సాగుడు గుణం ఉంది. "అమాసకో పున్నానికో వస్తడు" అంటారు, "పుష్కరానికోసారి కనవడ్తడు" అంటారు. మొదటిది పదిహేను రోజులు, రెండోది పన్నెండేండ్లు. అర్థం మాత్రం రెంటిదీ ఒకటే: రావలసినన్ని సార్లు రావడం లేదు.

సంది అనే విభక్తి తెలంగాణది. నుంచి అనే మాటకు ఇక్కడి రూపం అని నిఘంటువులు చెబుతాయి. వాక్యంలో అది చేసే పని ఇంకా ఎక్కువ. "పొద్దుగాల సంది కూసోబట్టిన", "రెండేండ్ల సంది తిరుగబట్టిన", "ఎప్పటి సందో చెప్పబట్టిన, నువ్వినకపోతివి." సందితో మొదలైన కాలం చాలాసార్లు బట్టుతో ముగుస్తుంది, ముగుస్తుందనడం కంటే ముగియకుండా ఉంటుందనాలి. కూర్చున్న మనిషి ఇంకా కూర్చునే ఉన్నాడు, తిరిగే మనిషి ఇంకా తిరుగుతూనే ఉన్నాడు. అందుకే ఎప్పటి సందో అన్న మాట పూర్తయిన పనితో కుదరదు. "ఎప్పటి సందో ఇల్లు కట్టిన" అనరు, "ఎప్పుడో కట్టిన" అంటారు. ఈ తేడా చదువు రాని మనిషి కూడా ఎన్నడూ తప్పడు.

పూర్తిగా వెనక్కి పోయి, తలుపు మూసుకున్న కాలానికి ఎన్కట అనీ జమానా అనీ రెండు మాటలు ఉన్నాయి. రెండూ ఒకటి కావు. ఎన్కట తెలుగు మాట. వెనుకటి అన్నదే అలా అయింది. దానికి తేదీ ఉండదు, రాజు ఉండడు. కథలకూ సామెతలకూ అది గుమ్మం: "ఎన్కటికొకడు..." అని మొదలుపెడితే చుట్టూ ఉన్నవాళ్లు సర్దుకుని కూర్చుంటారు. చెరువు గురించి మాట్లాడేటప్పుడు కూడా అదే వస్తుంది: "ఎన్కట గీ చెర్వు నిండితె మత్తడి దుంకేది." జమానా ఉర్దూ నుంచి వచ్చింది, దానికి యజమాని ఉంటాడు. నిజాం జమానా, దొరల జమానా, రజాకార్ల జమానా. "జమానా కిందటి మాట" అన్నప్పుడు కూడా అప్పుడొక ఏలుబడి ఉండేదని, అది పోయిందని ధ్వని. జమానా ఊరి పేరునూ మారుస్తుంది: ఆరో నిజాం మీర్ మహబూబ్ అలీఖాన్ పేరున పాలమూరును మహబూబ్‌నగర్ చేసింది 1890లో. ఊరి జనం నోట పాలమూరు అన్న పేరు మాత్రం అప్పుడూ పోలేదు, ఇప్పుడూ పోలేదు. ఎన్కటను పలికే తీరు అచ్చులో పెట్టలేం. మొదటి అచ్చును సాగదీస్తే కాలం వెనక్కి జరుగుతుంది. "ఎన్కట" అంటే తండ్రి కాలం కావచ్చు. "ఎ...న్కట" అని చెయ్యి భుజం మీదుగా వెనక్కి ఊపితే ముత్తాతను దాటిపోయినట్టు. "ఎప్పుడో" అన్న మాటా అంతే, చివరి ఓకారం ఎంత సాగితే సంగతి అంత పాతది. మాట్లాడే భాషలో కాలం పొడవును అచ్చు పొడవే చూపుతుంది.

తేదీలు లేని రోజుల్లో పుట్టిన సంవత్సరాలను ఏదైనా పెద్ద సంగతితో గుర్తుపెట్టుకునేవారు. గత్తర (కలరా) వచ్చిన యేడు, పెద్ద కరువు యేడు, పోలీసాక్షన్ అయిన యేడు. నల్లగొండ జిల్లాలో 1946 నుంచి 1951 దాకా సాగిన సాయుధ పోరాటం చాలా కుటుంబాలకు కాలాన్ని రెండుగా చీల్చిన గీత. ఆ పోరాటపు రోజులనే సంగం కాలమంటారు: సంగం కాలానికి ముందు, సంగం కాలం తర్వాత. 1948 సెప్టెంబర్ నాటి పోలీసు చర్యను పోలీసాక్షన్ అనే పేరుతోనే నాటి ముసలివాళ్లు చెప్పేవారు: "పోలీసాక్షన్ నాటికి నేను గొర్లగాస్తున్న." వయసు అడిగినవాడు ఇక లెక్క వేసుకోవాలి. అలంపూర్, రాజోలి వైపు వారికి అలాంటి కొత్త గీత 2009 అక్టోబర్ మొదట్లో వచ్చిన తుంగభద్ర వరద. "వరదొచ్చిన యేడు" అంటే అక్కడ ఇంకో వివరణ అక్కరలేదు. ఈ పద్ధతిలో కాలం ఎంతైందో ఉజ్జాయింపుగా తెలియడమే కాదు, ఆ మనిషి ఏం చూసి బతికాడో కూడా తెలుస్తుంది. పట్టికలో రాసిన సంవత్సరం అది చెప్పలేదు.

దీర్ఘకాలపు మాటల్లో కచ్చితమైన కొలత ఉన్నది పుష్కరం ఒక్కటే. గురుగ్రహం పన్నెండు రాశులూ చుట్టి రావడానికి పన్నెండేండ్లకు కొద్దిగా తక్కువ పడుతుంది. ఒక్కో రాశిలో చేరినప్పుడు ఒక్కో నదికి పుష్కరం. గురువు కన్యలో చేరితే కృష్ణకు. 2004లో ఆగస్టు చివర మొదలైన కృష్ణా పుష్కరాలు 2016లో ఆగస్టు 12కే వచ్చాయి. బీచుపల్లి, రంగాపూర్, సోమశిల, గొందిమళ్ల, నాగార్జునసాగర్, వాడపల్లి, మట్టపల్లి ఘాట్ల దగ్గర పన్నెండు రోజులు జనం పోటెత్తారు. తరువాతివి 2028లో. అందుకే పుష్కరం అన్న మాటకు కళ్ల ముందు కనిపించే హద్దు ఉంటుంది. "పోయిన పుష్కరాలకు మా అవ్వుండె" అంటే ఏ సంవత్సరమో, ఏ రేవులో మునిగారో కూడా గుర్తుకొస్తుంది. పత్రికలవారు పుష్కరకాలంగా అని రాసినప్పుడు పన్నెండేండ్లు నిండి ఉండాలని పాఠకుడు ఆశిస్తాడు. తొమ్మిదేండ్లకే ఆ మాట వాడితే మాట చెడుతుంది. అలా వాడడం ఈమధ్య ఎక్కువైంది, మానుకోవడం మంచిది.

విచిత్రమేమంటే చట్టం కూడా పన్నెండేండ్ల దగ్గరే ఆగింది. 1963 నాటి కాలపరిమితి చట్టంలోని 65వ అధికరణం ప్రకారం తన భూమి మరొకరి ప్రతికూల స్వాధీనంలోకి పోతే, యజమాని పన్నెండేండ్లలోపు దావా వేయాలి. ప్రభుత్వ భూమికి ఆ గడువు ముప్పై ఏండ్లు. ఇక్కడే జాతీయం కోర్టు మెట్ల దగ్గర చిక్కులో పడుతుంది. రైతు చెప్పేది, "మా తాతముత్తాతల సంది దున్నుకుంటున్నం." ఊరి రచ్చబండ మీద ఆ వాక్యం సాక్ష్యం, పదిమందీ తలూపుతారు. కోర్టులో వకీలు అడిగేది, ఏ సంవత్సరం నుంచి? జవాబు పొలం లెక్కలు రాసే పహాణీలో దొరకాలి. తెలంగాణలో చాలా భూతగాదాలు 1954–55 నాటి ఖాస్రా పహాణీ దగ్గరకు వచ్చి ఆగుతాయి. అంతకు ముందటి కాగితాల మీద ఫసలీ సంవత్సరాలుంటాయి. ఫసలీ అంకెకు 590 కలిపితే మనకు తెలిసిన సంవత్సరం ఉజ్జాయింపుగా వస్తుంది, ఫసలీ 1355 అంటే 1945 ప్రాంతం. 1950 కౌలుదారీ చట్టం కింద రక్షిత కౌలుదారుగా తాత పేరు రాసి ఉంటే తాతల సంది అన్న మాటకు కాగితం తోడైనట్టు. పేరు లేకపోతే ఆ మాట నిజమైనా బలం లేనిదే. తాతముత్తాతల సంది అన్న వాక్యం ఉబుసుపోకకు అన్నది కాదు, అది హక్కు ప్రకటన. దాన్ని పనికిరాని అతిశయోక్తిగా తోసేసిన చోట చదువుకోనివారు నష్టపోయారు.

కాగితాలకు ముందు రాళ్లుండేవి. నల్లగొండ పక్కనే పానగల్లులో కందూరు చోడుల నాటి గుళ్లున్నాయి, వారి కాలపు ఉదయసముద్రం చెరువుంది. పచ్చల సోమేశ్వరాలయం ఆవరణలోని మ్యూజియంలో పాత శిల్పాలూ శాసనాలూ పెట్టారు. ఇలాంటి దానశాసనాల్లో చాలావాటికి పైభాగాన ఒక పక్క గుండ్రటి సూర్యుడు, ఇంకో పక్క నెలవంక చెక్కి ఉంటాయి, కింద అక్షరాలు. ఆచంద్రార్కం అన్న మాటకు అది బొమ్మ. చంద్రుడూ సూర్యుడూ ఉన్నంత కాలం ఈ దానం చెల్లుతుందని, అక్షరం రాని మనిషికి కూడా తెలియాలని దాన్ని చెక్కారు. చేత్తో తడిమితే నెలవంక కొనలు ఇంకా తగులుతాయి. కింది వరుసలు చాలాచోట్ల అరిగిపోయాయి. ఇలాంటి శాసనాల చివర శాపం ఉండేది: దానమిచ్చిన భూమిని కాజేసినవాడు అరవై వేల ఏండ్లు పెంటలో పురుగై పుడతాడని. దానం చెల్లే కాలానికి సూర్యచంద్రులు, తప్పు చేసినవాడి శిక్షకు అంకె. యుగాల లెక్కలో అరవై వేలు చాలా చిన్నది, కలియుగమే 4,32,000 ఏండ్లంటారు. అయినా పురుగుగా బతకవలసిన కాలంగా చదివితే అది తక్కువనిపించదు. శాసనాల మీద చెక్కిన ఆచంద్రార్కమే నేటికీ పెండ్లిపత్రికల దీవెనల్లో, ధర్మసత్రాల పలకల మీద ఆచంద్రతారార్కం అని మిగిలింది. మాట్లాడేటప్పుడు ఎవరూ అనరు. అది రాతకే పుట్టింది, రాతలోనే ఉంది. అదే పానగల్లులో ఛాయా సోమేశ్వరాలయం గర్భగుడిలో ఒక స్తంభపు నీడ పొద్దంతా లింగం వెనక కదలకుండా ఉంటుంది. కాలాన్ని చూపవలసిన నీడను నిలిపి ఉంచిన ఆ శిల్పులు, ఆచంద్రార్కం అన్న మాట రాయించుకున్న రాజుల కాలం వారే.

ఇంకో కొలత చెట్టుది. మహబూబ్‌నగర్ పక్కన ఉన్న పిల్లలమర్రి ఏడు వందల ఏండ్లకు పైబడిందని చెబుతారు. ఊడలు దిగి, ఊడలే మానులై మూడెకరాలకు పైగా పరుచుకుంది. ఇటు సూర్యాపేట దగ్గర కాకతీయుల సామంతులైన రేచర్ల వారు గుళ్లు కట్టించిన ఊరి పేరు కూడా పిల్లలమర్రే. పాత ఉమ్మడి జిల్లాలు రెండింటిలోనూ ఒకే పేరు. పాలమూరు మర్రికి చెదలు పట్టి 2017 డిసెంబర్‌లో పెద్ద కొమ్మ కూలింది. తర్వాతి ఏప్రిల్‌లో అటవీశాఖవారు సెలైన్ సీసాలు వేలాడదీసి, మందు కలిపిన నీటిని చుక్కలు చుక్కలుగా మానులోకి ఎక్కించారు. ఆ చెట్టు వయసు ఎంతని పక్క ఊరి మనిషిని అడిగితే అంకె చెప్పడం అరుదు. "మా తాత సిన్నగున్నప్పుడు గూడ గిట్లనే ఉండెనంట" అంటాడు. ఆ ‘అంట’ ముఖ్యం. తాను చూసింది కాదు, తాత చెప్పగా విన్నది, తాతకు ఆయన తాత చెప్పి ఉంటాడు. తరతరాలు అన్న మాట ఒక్క అక్షరం కూడా పలకకుండా ఆ వాక్యం తరాలను ఒకదాని వెనక ఒకటి నిలబెడుతుంది.

ఇంగ్లీషు నుంచి వచ్చిన టైం ఇప్పుడు ఈ మాటలన్నిటి నడుమకూ వచ్చి చేరింది. "శానా టైమైంది, పోయొస్త" అని చుట్టం లేస్తాడు. "టైం లేదు" అని కొడుకు ఫోన్లో అంటాడు. బస్సుకూ బడికీ ఆఫీసుకూ టైం సరిగ్గా అతికింది, ఎందుకంటే అక్కడ గడియారం ఉంది. పొద్దుకు మించిన కాలం దగ్గర మాత్రం అది ఆగిపోయింది. పది కాలాలు సల్లగుండు అన్న దీవెనలోకి టైం చొరబడలేదు. ముసలమ్మ కండ్లు కాయలు కాసిన వాక్యంలోనూ దానికి చోటు లేదు. వానలు మొహం చాటేసిన యేడు "టైం కాలే" అని ఏ రైతూ అనడు, "కాలం కాలే" అనే అంటాడు. పట్నంలో చదువుకుని వచ్చిన పిల్లలు కూడా పొలం గట్టు మీద నిలబడితే ఆ మాటే అంటారు.